ఐడిల్ పేజ్ ట్రాకింగ్: పలాస జీడిపప్పు బిల్లింగ్ సర్వర్‌పై ఏడాది వాడాక

ర్యామ్ నిండినట్టు కనిపించగానే కొత్త స్టిక్ కొనేసే అలవాటుకి లినక్స్ కెర్నెల్‌లోని ఐడిల్ పేజ్ ట్రాకింగ్ మంచి విరుగుడు. ప్రోసెస్ ఎంత మెమరీ పట్టుకుందో టాప్ కమాండ్ చెబుతుంది. పట్టుకున్నదాన్ని అసలు ముట్టుకుందా లేదా అన్నది మాత్రం లినక్స్ 4.3లో (2015) వచ్చిన ఈ సదుపాయం చెబుతుంది. కెర్నెల్ బిల్డ్‌లో ఆన్ చేసి ఉండాలి. లేకపోతే పేజీల (మెమరీ ముక్కల) గుర్తులుండే బిట్‌మ్యాప్ ఫైలే కనబడదు.

పద్ధతి తేలిక. కావలసిన పేజీల బిట్లను 1 చేసి, కాసేపు ఆగి, మళ్లీ చదవాలి. అప్పటికీ 1గా మిగిలినవి ఎవరూ ముట్టనివి. 4 కేబీ పేజీకి ఒక బిట్ చొప్పున 8 జీబీకి సుమారు 256 కేబీ బిట్‌మ్యాప్. రాసినా చదివినా 8 బైట్ల హద్దు తప్పకూడదు, తప్పితే ఎర్రరే. ఏ పేజీ ఏ ప్రోసెస్‌దో పేజ్‌మ్యాప్‌లో (ప్రోసెస్ పేజీలు ర్యామ్‌లో ఎక్కడున్నాయో చెప్పే ఫైల్) చూడాలి. రూట్ హక్కు లేకుండా చదివితే ఫ్రేమ్ నంబర్లన్నీ (ర్యామ్‌లో పేజీ చోటు నంబర్లు) సున్నాలే వస్తాయి, మన ప్రోగ్రామే తప్పేమో అనుకుంటాం.

లెక్క తప్పేది రెండుచోట్ల. హ్యూజ్ పేజీకి (చిన్న పేజీలు చాలా కలిసిన పెద్ద పేజీ) గుర్తు అందులోని మొదటి పేజీ మీదే పడుతుంది. 2 ఎంబీని 4 కేబీగా లెక్కేస్తే ఐడిల్ మెమరీ చాలా తక్కువగా కనిపిస్తుంది. ఇక కెర్నెల్ సొంత మెమరీని ఇది పట్టించుకోదు, ఎప్పుడూ 0 అనే చూపిస్తుంది. 0 ఉన్నదల్లా వాడుకలో ఉందనుకోకూడదు.

అసలు కిటుకు ఎంతసేపు ఆగాలన్నదే. రెండు మూడు సెకన్లే ఆగితే, టీఎల్‌బీలో (సీపీయూ ఇటీవలి పేజీ చిరునామాలు దాచుకునే చోటు) ఇంకా ఉన్న వేడి పేజీ, అంటే బాగా వాడుకలో ఉన్నది కూడా ఐడిల్‌గా కనిపించవచ్చు, ఎందుకంటే గుర్తు పెట్టేటప్పుడు ఎక్స్86లో టీఎల్‌బీని ఖాళీ చేయరు. అరగంట ఆగినా మధ్యాహ్నం బేరం సద్దుమణిగినప్పుడు కొలిస్తే డేటాబేస్ సగం నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఆ అంకె నమ్మి సీగ్రూప్ (ప్రోసెస్‌ల గుంపుకి మెమరీ హద్దు పెట్టే సదుపాయం) పరిమితి తగ్గిస్తే, నెలలో 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ అనే జీఎస్‌టీ రిటర్నులు వేసేటప్పుడు నెల రిపోర్టులన్నీ స్వాప్ మీద పాకుతాయి. పరిమితి పెట్టే ముందు ఆ తేదీల్లో ఒకసారి కొలవాల్సిందే.

రీక్లెయిమ్‌కి (కెర్నెల్ మెమరీని వెనక్కి తీసుకునే పనికి) మాత్రం ఇబ్బంది లేదు. ఐడిల్ అని గుర్తు పెట్టేటప్పుడు చెరిపిన యాక్సెస్ గుర్తును (పేజీని ముట్టినట్టు సీపీయూ పెట్టేది) కెర్నెల్ యంగ్ ఫ్లాగ్‌లో దాచి ఉంచుతుంది. కానీ ప్రతి పేజీకీ దాని మ్యాపింగులన్నీ తిరగాలి కాబట్టి సీపీయూ బాగా తింటుంది. ఉదయం బిల్లింగ్ వేళ వద్దు. రోజంతా గమనించాలంటే లినక్స్ 5.15లో వచ్చిన డామన్ (మెమరీ వాడకం గమనించే మరో సదుపాయం) చవక. అది ప్రాంతాలుగా మచ్చు చూస్తుంది, పేజీ పేజీకీ చెప్పదు.