జాగ్రత్త: థిన్నర్ పంపుతూ కాగితం మీద "పెయింటింగ్ సామాను" అని రాసే సెల్లర్లున్నారు

థిన్నర్, హార్డనర్ (కోటింగ్ గట్టిపడడానికి కలిపేది), జిగుర్లు, స్ప్రే డబ్బాలు, విడి లిథియం బ్యాటరీలు పార్శిల్‌లో తెప్పించుకునే వాళ్ల కోసం ఈ పోస్టు. డబ్బు కట్టే ముందే సెల్లర్‌ని ఒక్క మాట అడగండి: "షిప్పింగ్ కాగితంలో దీన్ని ఏమని రాస్తారు?" జవాబు నీళ్లు నములుతున్నట్టుంటే ఆ ఆర్డరు వదిలేయండి.

నా సంగతి చెప్తాను. ఫ్లోర్ కోటింగ్, దానికి హార్డనర్, థిన్నర్ అన్నీ ఒకే సెల్లర్ దగ్గర తీసుకున్నాను. రేటింగులు బాగానే ఉన్నాయి. దారిలో థిన్నర్ డబ్బా మూత దగ్గర కారింది. వాసన రావడంతో కొరియర్ గోడౌన్‌లో పార్శిల్ ఆపేశారు. కాగితం మీద "పెయింటింగ్ సామాను, ఒక పెట్టె" అని తప్ప ఇంకేమీ లేదు. లోపల అంటుకునే ద్రవం ఉందని గానీ, చర్మాన్ని కాల్చే హార్డనర్ ఉందని గానీ ఆ పెట్టె మోసినవాడికి తెలిసే దారే లేదు. చెక్కుచెదరని డబ్బాలతో సహా సరుకంతా పారబోయించారు. ఇన్సూరెన్స్ అడిగితే, ప్రమాదకర సరుకని చెప్పకుండా పంపారు కాబట్టి క్లెయిమ్ చెల్లదన్నారు. సెల్లర్ మాత్రం తప్పంతా కొరియర్ మీదకు నెట్టి, "కాగితం మీద ఒక ముక్క అటూ ఇటూ అయితే ఏమవుతుందండీ" అన్నాడు.

ఏమవుతుందో 1996 మే 11న తెలిసింది. వాల్యూజెట్ 592 విమానంలో కాలపరిమితి దాటిన ఆక్సిజన్ జనరేటర్లను, అంటే రసాయన చర్యతో ఆక్సిజన్ పుట్టించే డబ్బాలను, ఎక్కించారు. కాగితంలో వాటిని ఖాళీ ఆక్సిజన్ డబ్బాలని రాశారు. అవి ఖాళీవి కావు. వాటి వల్ల కార్గో అరలో మంటలు లేచి విమానం ఫ్లోరిడా చిత్తడి నేలల్లో కూలింది. అందులో ఉన్న 110 మందీ చనిపోయారు.

సరైన రాత ఎలా ఉండాలన్నది పెద్ద రహస్యమేమీ కాదు. దేశాల నియమాలు చాలావరకు ఐక్యరాజ్యసమితి సిఫార్సుల మీదే నడుస్తాయి. ముందు యూఎన్ నంబరు (ప్రమాదకర సరుకుకి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన గుర్తింపు నంబరు), తర్వాత నియమాల్లో ఖరారు చేసిన షిప్పింగ్ పేరు, ప్రమాద తరగతి, ప్యాకింగ్ గ్రూపు (ప్రమాదం ఎంత తీవ్రమో చెప్పే అంకె; ఒకటి ఎక్కువ, మూడు తక్కువ), ఇదే వరుసలో రాయాలి. పెట్టెలెన్నో, ఎలాంటివో, మొత్తం పరిమాణం ఎంతో కూడా ఉండాలి. పెయింట్ థిన్నర్‌కి యూఎన్ 1263, తరగతి 3, అంటే మండే ద్రవాలు. బ్రాండ్ పేరు ఎంత గొప్పదైనా ఈ వివరాలకు బదులు పనికిరాదు. అమైన్ అనే రసాయనాలతో చేసిన హార్డనర్లు చాలావరకు 8వ తరగతిలోకి, అంటే చర్మాన్నీ లోహాన్నీ తినేసే వాటిలోకి వస్తాయి. వీటిలో ఎక్కువగా కనిపించే యూఎన్ 2735 పేరు చివర ఎన్.ఓ.ఎస్. అని ఉంటుంది, అంటే విడిగా పేరు లేని సరుకులకు వాడే ఉమ్మడి పేరు. అలాంటి పేరు రాసినప్పుడు అసలు రసాయనం ఏమిటో పక్కన రాసి తీరాలి. అది లేకపోతే ప్రమాదం జరిగిన చోట ఫైర్ వాళ్లకి ఆ కాగితం సగమే పనికొస్తుంది.

ప్యాకింగ్ గ్రూపు దగ్గర కూడా మోసం జరుగుతుంది. మండే ద్రవం మరగడానికి 35 డిగ్రీల సెల్సియస్ దాటాలి, కానీ ఫ్లాష్ పాయింట్ (ద్రవం ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత) 23 లోపే ఉంది అంటే అది రెండో గ్రూపు. ఫ్లాష్ పాయింట్ 23 నుంచి 60 మధ్య ఉంటే మూడోది. అసిటోన్ ఫ్లాష్ పాయింట్ సున్నాకి దాదాపు 20 డిగ్రీలు కింద, కాబట్టి దాన్ని మూడో గ్రూపు అని రాసినవాణ్ని నమ్మకండి. యూఎన్ ఆమోదం ఉన్న పెట్టె మీద వేసే కోడ్‌లో వై ఉంటే రెండు, మూడు గ్రూపులకు సరిపోతుంది. జడ్ ఉంటే మూడోదానికి మాత్రమే. చిన్న డబ్బాలకు రోడ్డు రవాణాలో సడలింపులున్న మాట నిజమే, సెల్లర్లు చెప్పే సాకూ అదే. అప్పుడైనా పెట్టె మీద పైమూల, కిందిమూల నల్లగా ఉండే డైమండ్ గుర్తు ఉండాలి. నాకొచ్చిన ఫోటోల్లో ఉన్నది మామూలు అట్టపెట్టె, దాని మీద టేపు, అంతే.

మీరు చెక్ చేసుకోవడం తేలిక. ఆ సరుకు సేఫ్టీ డేటా షీట్ (దాని ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన పత్రం) అడిగి, 14వ విభాగం చూడండి. రవాణా వివరాలు అక్కడే ఉంటాయి. గొడవ మొదలయ్యాక ఈ సెల్లర్ నాకు పంపిన షీట్‌లో థిన్నర్‌కి యూఎన్ 1263 అని స్పష్టంగా ఉంది! అంటే తెలియక కాదు, ప్రమాదకర సరుకుకు పడే అదనపు చార్జీ తప్పించుకోవడానికే "పెయింటింగ్ సామాను" అయింది. ఇలాంటివాళ్లని అమాయకులని సరిపెట్టుకోవడం నావల్ల కాదు.

లిథియం అయాన్ బ్యాటరీల్లో ఇంకో ఎత్తు ఉంది. విడిగా వచ్చే బ్యాటరీ యూఎన్ 3480, పరికరంలో బిగించి గానీ పరికరంతో పాటు గానీ వచ్చేది యూఎన్ 3481. విడి బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో కార్గోగా పంపడం 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధం. అందుకని విడి బ్యాటరీకే 3481 అని రాసి తోసేసేవాళ్లున్నారు. మీరు కొన్నది ఒట్టి బ్యాటరీ అయి, పెట్టె మీద 3481 కనిపిస్తే ఫోటో తీసి పెట్టుకోండి.

మీ పార్శిల్ ఇప్పటికే దారిలో ఉంటే, అందినప్పుడు తడిగా ఉన్నా, ఘాటు వాసన వస్తున్నా తీసుకోకండి. తీసుకుని ఉంటే ఇంట్లో విప్పకండి. ఆర్డరు పేజీ, కాగితం, పెట్టె నాలుగు పక్కల ఫోటోలు తీసి కొరియర్‌కి రాతపూర్వకంగా చెప్పండి.

సెల్లర్ "రిటర్న్ పంపేయండి, డబ్బు వేస్తాం" అంటే సంతోషపడి పాత పెట్టెలోనే తిరిగి కట్టేయకండి. ఆ క్షణం నుంచి పంపేవారు మీరే. సరుకు తరగతి తేల్చడం, పెట్టె, లేబులు, కాగితం మీద సంతకం, తేడా వస్తే జరిమానా అన్నీ మీ పేరు మీదే ఉంటాయి. ప్రమాదకర సరుకు తీసుకునే అనుమతి ఉన్న రవాణా సంస్థతో సెల్లరే పికప్ పెట్టించాలని మెసేజ్‌లో అడగండి, ఫోన్లో వద్దు.