గ్రీన్ రేటింగ్ ఉన్న ఫ్లాట్‌లో కొన్నేళ్లు ఉన్నాక

హైదరాబాద్ నల్లగండ్లలో మేముంటున్న అపార్ట్‌మెంట్‌కి గోల్డ్ గ్రీన్ రేటింగ్ ఉంది, అంటే కరెంటు, నీళ్లు ఆదా చేసేలా కట్టారని ఇచ్చే సర్టిఫికెట్. ఇల్లు వెతుక్కుంటున్న బంధువులు, ఆఫీసు వాళ్లు "సర్టిఫికెట్ ఉందని నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టొచ్చా?" అని నన్ను అడుగుతుంటారు. పెట్టొచ్చు. కట్టేటప్పుడే గోడల్లో, పైపుల్లో చేసిన మంచి పనులు మాకు ఇప్పటికీ ఉపయోగపడుతున్నాయి. రోజూ ఎవరో ఒకరు నడపాల్సిన వాటి దగ్గరే తేడా కొడుతోంది.

హాల్లో ఎదురెదురు కిటికీలుండటంతో సాయంత్రమైతే గాలి బాగా ఆడుతుంది. పగలు లైటు అక్కర్లేదు. టెర్రస్ మీద పరిచిన తెల్ల టైల్స్ విలువ మే నెలలో తెలుస్తుంది. మా చెల్లెలు వాళ్లు వేరే అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఉంటారు, మామూలు స్లాబ్. అక్కడ రాత్రి పదింటికి కూడా పైనుంచి సెగ కొడుతూనే ఉంటుంది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఈ వేడి గురించే.

కుళాయిలకు నీళ్లు తక్కువ వదిలే ఎరేటర్లు పెట్టారు. మంజీరా నీళ్లు వచ్చినంతకాలం ఇబ్బంది లేదు. ఎండాకాలం బోరు, ట్యాంకర్ నీళ్లు కలిసేసరికి ఆ జాలీలో తెల్లగా ఉప్పు పేరుకుపోయి ధార సన్నబడుతుంది. విసుగొచ్చి చాలామంది పీకేశారు. అప్పప్పుడు విప్పి వెనిగర్‌లో నానబెడితే చాలు, కానీ ఫ్లాట్ అప్పగించేటప్పుడు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.

అసలు బాధ ఎస్టీపీతో, అంటే సీవేజ్ ట్రీట్‌మెంట్ ప్లాంటుతో. మురుగునీటిని శుద్ధి చేసి ఫ్లష్‌కి, మొక్కలకి వేరే పైపులో పంపే ఏర్పాటు అది. ట్యాంకర్లు తగ్గేది దాంతోనే. ఒక దశలో ఫ్లష్ నీళ్లు పచ్చగా మారి, బాత్రూమ్‌లోకి వెళ్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. కిందికెళ్లి అడిగితే ఆపరేటర్ ఉన్నమాట చెప్పాడు: "కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని రాత్రిపూట బ్లోయర్ ఆపేయమన్నారు సార్." మురికిని తినే బ్యాక్టీరియా బతకాలంటే గాలి అందాలి, ఆ గాలి ఊదేది బ్లోయరే. బ్లోయర్ కట్టేస్తే అవి చచ్చిపోతాయి, వాసన మొదలవుతుంది. సర్టిఫికెట్ లాబీలో వేలాడుతూనే ఉంది, మేం చేరాక మాత్రం ప్లాంటు నడుస్తోందా లేదా అని బయటినుంచి ఎవరూ వచ్చి చూడలేదు.

రేటింగ్ ఇచ్చే పద్ధతుల్లో తేడాలున్నాయి. మన దేశంలోని ఐజీబీసీ, గృహ లాంటి రేటింగుల్లో కొన్ని తప్పనిసరి షరతులుంటాయి, మిగతాది పాయింట్ల కూడిక. ఒకచోట తగ్గినా ఇంకోచోట భర్తీ చేసుకోవచ్చు. ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ నడిపే ఎడ్జ్‌లో అయితే కరెంటు, నీళ్లు, నిర్మాణ సామగ్రి తయారీలో వెలువడే కార్బన్, ఈ మూడింట్లోనూ కనీసం 20 శాతం ఆదా చూపాలి. మా భవనానికి మొత్తం మీద మార్కులు బాగానే వచ్చాయి, అయినా మా పడమటి బెడ్‌రూమ్ గోడ రాత్రి దాకా చల్లారదు. కిటికీ మీద సరైన సజ్జ లేదు. ఆ గదిలో ఏసీ లేకుండా పడుకోలేం.

ఈ గ్రీన్ బిల్డింగ్ ఉద్యమానికి మన ఊరే పెద్ద దిక్కు. హైటెక్ సిటీ దగ్గరి సీఐఐ (పరిశ్రమల సమాఖ్య) గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి 2003లోనే లీడ్ అనే అమెరికా రేటింగ్‌లో అన్నిటికన్నా పైదైన ప్లాటినం వచ్చింది, 2004లో కలాం గారు దాన్ని ప్రారంభించారు. అలాంటి ఊళ్లో బ్రోషర్ మీది ఆకు బొమ్మ చూసి సరిపెట్టుకోవడం నాకు నచ్చదు.

కొనేవాళ్లు ముందు అది ప్రీ-సర్టిఫికేషనా, ఫైనల్ రేటింగా అని అడగండి. మొదటిది డ్రాయింగుల దశలోనే ఇస్తారు. ఏ అంశానికి ఎన్ని పాయింట్లొచ్చాయో షీట్ చూపించమనండి. అదే బిల్డర్ పాత ప్రాజెక్టుకి వెళ్లి, ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ బిల్లులు ఎంతయ్యాయో అసోసియేషన్ వాళ్లని కనుక్కోండి. వెళ్లినప్పుడు అక్కడ ఒకసారి ఫ్లష్ కొట్టి చూడండి.