మిద్దెతోట గ్రూపు అడ్మిన్‌గా వాట్సాప్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లో మిద్దెల మీద కూరగాయలు పెంచేవాళ్లం కలిసి ఒక వాట్సాప్ గ్రూపు నడుపుకుంటున్నాం. కరోనాకు ముందు నుంచీ దానికి నేను అడ్మిన్‌ని. యాప్‌ల సమీక్షలు చాలానే వస్తాయి గానీ, అడ్మిన్‌కు ఇచ్చే సదుపాయాలు నలుగురి మధ్య మర్యాద నిలబెట్టడానికి ఎంతవరకు పనికొస్తాయో రాసినవి నాకు పెద్దగా కనిపించలేదు. నా అభిప్రాయం ముందే చెప్తాను. చెత్త మెసేజ్‌లను ఆపడంలో వాట్సాప్ చాలా మెరుగైంది. అదే ఇద్దరి మధ్య మాటామాటా పెరిగితే, మాట మీరిన మనిషి విషయంలో అడ్మిన్ చేయగలిగింది ఒక్కటే, గ్రూపులోంచి తీసేయడం. మన ఊళ్లలో అది చిన్న విషయం కాదు. ఇవాళ తీసేసిన మనిషి రేపు పొద్దున లష్కర్‌బజార్‌లో ఎదురవుతాడు, ఎల్లుండి పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చుంటాడు.

ముందు మంచి చెప్పుకోవాలి. చేరేవాళ్లను అడ్మిన్ ఒప్పుకున్నాకే లోపలికి రానిచ్చే సదుపాయం మాకు చాలా మేలు చేసింది. ఎవరైనా చేరతామంటే, "మీ మిద్దె మీద ఏం పెంచుతున్నరు? ఒక ఫొటో పంపుతరా?" అని అడుగుతాం. రెండు కుండీల్లో పుదీనా ఉన్నా చాలు, సంతోషంగా చేర్చుకుంటాం. ప్లాట్లు, లోన్లు, వెంచర్ల ప్రకటనల కోసం వచ్చేవాళ్లు ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నారు.

2022 నవంబర్‌లో కొన్ని గ్రూపులను ఒకే గొడుగు కింద పెట్టుకునే కమ్యూనిటీలు వచ్చాయి, గ్రూపు పరిమితి 1,024కు పెరిగింది. మాకు పరిమితితో పని పడలేదు, గ్రూపును విడగొట్టుకోవడమే అక్కరకొచ్చింది. మొక్కల సమస్యలకు ఒకటి, విత్తనాల మార్పిడికి ఒకటి, ముచ్చట్లకు ఒకటి పెట్టుకున్నాం. గుడ్ మార్నింగ్‌లు, పండుగ శుభాకాంక్షలు ముచ్చట్ల గ్రూపులోకి పోయాయి. బతుకమ్మ నాడు ఒక మినహాయింపు ఉంది. మిద్దె మీద పూసిన బంతి, సీతజడ పూలతో పేర్చిన బతుకమ్మ ఫొటో అయితే మొక్కల గ్రూపులోనే పెట్టొచ్చు. ఆ పూల వెనక ఎంత కష్టం ఉంటుందో మాకు తెలుసు. దాన్ని సంబంధం లేని పోస్టు అనడానికి నాకు మనసొప్పదు.

విత్తనాల గ్రూపు కాస్త జాగ్రత్తగా చూసుకోవాల్సింది. 2025లో వరంగల్ చపాట మిర్చికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చాక "అసలు చపాట విత్తనం" అంటూ అమ్మకాలు మొదలయ్యాయి. మిరపలో పరపరాగ సంపర్కం, అంటే ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్క పువ్వుకు చేరడం, బాగానే జరుగుతుంది. ఒకే మిద్దె మీద నాలుగు రకాలు పెట్టి తీసిన విత్తనం అచ్చంగా అదే రకం అవుతుందన్న నమ్మకం లేదు. అందుకే విత్తనం ఇచ్చేవాళ్లు పక్కన ఇంకే మిరపలు పెంచారో చెప్పాలని షరతు పెట్టాం. మోసం చేశావంటే మోసం చేశావనే లొల్లి దాంతో చాలావరకు తగ్గింది.

ఇక అడ్మిన్ డిలీట్. ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనిపించకుండా తీసేసే ఈ సదుపాయం 2022లో వచ్చింది. తీసేసిన చోట అడ్మిన్ పేరుతో ఆనవాలు మిగులుతుంది. అది కనిపించగానే "ఏమున్నదట అందుల?" అని పది మంది అడుగుతారు, రాసినాయన పరువు పోతుంది. నేనైతే ముందు విడిగా మెసేజ్ పెడతాను: "సార్, ఆ మాట కొంచెం ఎక్కువైనట్టున్నది, మీరే తీసేస్తరా?" పంపినవాళ్లు తామే తీసేసుకోవడానికి రెండు రోజులకు పైగా గడువు ఉంటుంది. చాలామంది తీసేస్తారు. బూతులకు, మోసపు లింకులకు మాత్రం ఆగేది లేదు, వెంటనే నేనే తీసేస్తాను.

అసలు లోటు ఎక్కడో చెప్పాలంటే ఒక గొడవ చెప్పాలి. ఒక టీచరమ్మ తన చపాట మొక్క ఆకులు ముడుచుకుపోతున్నాయని ఫొటో పెట్టింది. నర్సంపేట వైపు మిర్చి రైతు ఒకాయన పురుగుమందు పేరు చెప్పాడు. దానికి ఒక రిటైర్డ్ ఉద్యోగి, "విషం తినిపించేటోళ్లకు ఈ గ్రూపుల ఏం పని?" అని రాశాడు. రైతు ఊరుకోలేదు. "సారూ, 2021ల మా చేను మొత్తం తామర పురుగు పాలైంది. మీ వేప నూనె తీస్కొని అప్పుడు రాకపోయినరు?" అన్నాడు. ఆ ఏడు కొత్త రకం నల్ల తామర పురుగు వచ్చి వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం మిర్చి చేలను ఊడ్చేసింది. ఆ మనిషికి అది ఇంకా మానని గాయం. నిమిషాల్లో రెండు పక్షాలైపోయాయి.

ఆ రిటైర్డ్ పెద్దాయన ఒక్కడిని ఒక పూట రాయకుండా ఆపగలిగితే సరిపోయేది. వాట్సాప్‌లో ఇది రాసేనాటికి ఆ వీలు లేదు. అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపు మొత్తానికి తాళం వేశాను. ఆరోజు వంకాయ మొక్కకు పిండినల్లి పట్టిందని అడగబోయిన మనిషి నోరు కూడా దాంతో మూతపడింది. తర్వాత ఇద్దరికీ ఫోన్ చేశాను. ఇలాంటప్పుడు మెసేజ్ పనికిరాదు, గొంతు వినిపించాలి. పెద్దాయనకు రైతు నష్టం సంగతి వివరంగా చెప్పాను. రైతును ఆ ఫొటో ఇంకోసారి చూడమన్నాను. చూసి, "ఇది తామర పురుగు కాదు. ఆకు తిరగేసిన పడవ లెక్క కిందికి ముడుచుకున్నది, ఇది నల్లి" అన్నాడు. తామర పురుగైతే ఆకు పైకి ముడుచుకుంటుంది. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి ఆకుల అడుగున తడిసేలా కొట్టమన్నాడు. గంధకం సేంద్రియ సాగులోనూ వాడతారు కాబట్టి పెద్దాయనకూ అభ్యంతరం లేకపోయింది. గ్రూపు తెరిచాక ఆయనే ముందుగా రైతుకు థాంక్స్ చెప్పాడు.

అప్పటి నుంచి ఆకు సమస్య అడిగేవాళ్లు పైభాగం ఒకటి, అడుగుభాగం ఒకటి, రెండు ఫొటోలు పెట్టాలి. ముందు తెగులేంటో తేలాలి, మందు సంగతి ఆ తర్వాతే. ఈ నియమాన్ని పిన్ చేసి ఉంచుతాం. పిన్ గరిష్ఠంగా 30 రోజులే ఉంటుంది కాబట్టి నెలనెలా మళ్లీ పెట్టాలి. మర్యాదగా మాట్లాడండి అని ఎన్నిసార్లు రాసినా రాని ఫలితం ఈ రెండు ఫొటోలతో వచ్చింది. మా దగ్గర గొడవలు చాలావరకు జబ్బు చూడకుండా మందు చెప్పడంతోనే మొదలయ్యేవి.

ఫార్వర్డ్‌ల మీద, చాలాసార్లు చేతులు మారిందని చెప్పే రెండు బాణాల గుర్తు మంచి సాయం. 2023 జూలై చివర్లో వానలకు మన కాలనీలు మునిగినప్పుడు ఎక్కడివో పాత వీడియోలు మన ఊరివని వచ్చాయి. ఆ గుర్తు ఉన్నదేదీ పెట్టొద్దన్నాం, మీ వీధిలో మీరు తీసింది అయితేనే పెట్టమన్నాం. ఆ ఏడాది ఎన్నికలప్పుడూ ఇంతే, ఏ పార్టీదైనా తీసేశాం.

అడ్మిన్‌గా ఉండటానికి జంకేవాళ్లు కొందరు కేసుల గురించి అడుగుతుంటారు. సభ్యుడు పెట్టిన పోస్టుకు, ఇద్దరూ ముందే అనుకుని చేసినట్టు తేలితే తప్ప, అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని 2021లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ చెప్పింది. 2022లో కేరళ హైకోర్టు కూడా అడ్మిన్ మీద అలాంటి బాధ్యత వేయలేమంది. ఆ టెన్షన్‌తో మంచి మనుషులు వెనక్కి తగ్గనక్కర్లేదు.

మా కుర్ర అడ్మిన్లు టెలిగ్రామ్‌కు పోదామంటారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. అక్కడ ఒక్క సభ్యుడిని గంటో రోజో రాయకుండా ఆపొచ్చు. ఒక మెసేజ్‌కు ఇంకో మెసేజ్‌కు మధ్య ఎడం పెట్టే స్లో మోడ్ 2019 నుంచే ఉంది. కొన్నాళ్లు ప్రయత్నించాం. కుర్రవాళ్లు వచ్చారు గానీ, సొరకాయకు చేత్తో పరాగసంపర్కం ఎట్లా చేయాలో చూపించే పెద్దమ్మలు రాలేదు. వాళ్లు లేకుండా మాకు గ్రూపు ఎందుకు? కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, అందరూ ఫోన్ బాగా వాడగలిగినవాళ్లయితే, టెలిగ్రామ్‌లోనే మొదలుపెట్టండి. మేము మాత్రం వాట్సాప్‌లోనే ఉంటాం, తాళం వేసిన ప్రతిసారీ ఇద్దరికీ ఫోన్ చేస్తూనే ఉంటాం.