నల్గొండ చుట్టుపక్కల ‘తైవాన్ అంజీర్’ మొక్కలు కొనేవాళ్లు జాగ్రత్త

మృగశిర దాటి నాలుగు చినుకులు పడితే చాలు, దేవరకొండ రోడ్డు మీద, మిర్యాలగూడ వైపు, సంతల దగ్గర ట్రాలీ ఆటోల్లో మొక్కలు దిగుతాయి. జామ, మామిడి, డ్రాగన్, ఈమధ్య అంజీర్. మిద్దె తోట వాళ్లు, పెరట్లో కాస్త జాగా ఉన్నవాళ్లు ఎగబడి కొంటున్నారు. నేను ఒక్కోదానికి 450 రూపాయలు పెట్టి కొన్న మొక్కల్లో ఒక్కటి కూడా తినే పండు ఇవ్వలేదు. ఇక ముందు ఇస్తుందన్న ఆశా లేదు. ఈ ఏడు మళ్లీ అదే సరుకు, అదే ఫొటోతో తిరుగుతోందని తెలిసి ఇది రాస్తున్నా.

అమ్మే తీరు చెబితే మీరే గుర్తుపడతారు. ఆటో వెనక లామినేషన్ చేసిన ఫొటో వేలాడుతుంటుంది, రెండుగా కోసిన ఎర్రటి అంజీర్ పండుది. పక్కన డబ్బాలో ఎండు అంజీర్. “ఈ చెట్టు పండే అన్నా, తిని చూడు” అని చేతిలో పెడతాడు. రకం ఏంటని అడిగితే తైవాన్ అంటాడు. తైవాన్ జామకు గిరాకీ వచ్చినప్పటి నుంచి ఆటోలో ఉన్న ప్రతి మొక్కా తైవానే. ఎక్కడ పెంచారంటే కడియం అంటాడు. ఆ ఊరి పేరు చెప్పని ఆటోవాలా నాకైతే తగల్లేదు. కడియం నర్సరీల వాళ్లకు ఇందులో ఏ సంబంధం ఉందో లేదో వాడికే తెలియాలి. “ఆర్నెల్లకు కాయ పడ్తది, పడకపోతే పైసలు వాపస్.” బిల్లు మాత్రం ఉండదు.

తెచ్చినవాటిలో ఒకటి ఎండలకు పోయింది. దాన్ని లెక్కలోంచి తీసేద్దాం, మన ఎండలకు ఏ మొక్కైనా పోవచ్చు. మిగిలినవాటిలో ఒకటి అసలు అంజీరే కాదు, బొమ్మమేడి. ఇంకొకటి అంజీరే, కానీ గింజతో మొలిపించింది. ఈ రెండు రకాల మోసాలూ వేరువేరు. పట్టుకునే పద్ధతి కూడా వేరే.

బొమ్మమేడి సంగతి తేలిక. చెరువు కట్టల మీద, వాగుల పక్కన దానంతటదే పెరిగే చెట్టు. ఆకు అంజీర్ ఆకులాగే గరుకుగా ఉంటుంది, గిల్లితే పాలు కారతాయి. మర్రి, రావి, మేడి, అంజీర్ అన్నీ ఒకే జాతి కాబట్టి పాలు కారడం ఏ గుర్తూ కాదు. ఆ మాటకొస్తే మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కూడా అంజీర్‌కు చుట్టమే. చూడాల్సింది ఆకు ఎక్కడ పుట్టిందన్నది. బొమ్మమేడికి ఆకులు కొమ్మ మీద ఎదురెదురుగా, జతగా వస్తాయి. అంజీర్‌కు ఒకటి ఇటు, ఒకటి అటు, ఎడంగా వస్తాయి. బొమ్మమేడి లేత కొమ్మ మీద గరుకు నూగు ఉంటుంది, కోసి చూస్తే లోపల బోలుగా ఉంటుంది. మా ఇంట్లో మొక్కకు కణుపు కణుపుకీ ఆకులు ఎదురెదురుగానే ఉన్నాయి, అంచుల్లో సన్నటి పళ్లు కూడా కనిపించాయి. ఆటో దగ్గరే ఈ ఒక్కటి చూసుకుంటే 450 మిగులుతాయి.

మామూలు మేడి మొక్కను అంటగట్టేవాళ్లూ ఉన్నారు. దాని ఆకు నున్నగా, కోలగా, చీలికలు లేకుండా ఉంటుంది కనుక త్వరగా దొరికిపోతారు. అయితే ఇక్కడ నర్సరీవాళ్ల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. వేళ్లకు నులిపురుగు పట్టకుండా మేడి వేరు మీద అంజీర్ కొమ్మను అంటు కట్టడం ఉన్న పద్ధతే. ఎండకు పైన ఉన్న అంజీర్ కొమ్మ ఎండిపోయి, కింద నుంచి మేడి చిగురు లేస్తే, కొన్నవాళ్లు మోసపోయామనుకుంటారు. కాబట్టి తిట్టే ముందు అంటు ముడి ఎక్కడుందో వెతికి, చిగురు దానికి పైనుంచి వచ్చిందా, కింద నుంచి వచ్చిందా చూడండి. కింద నుంచి వచ్చేదాన్ని ఎప్పటికప్పుడు గిల్లేయాలి. బత్తాయి కూడా అంటు మొక్కే కాబట్టి, అది పెట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

అసలు దెబ్బ గింజ మొక్కతో. ఇది కొన్న రోజు ఎవరికీ దొరకదు, ఎందుకంటే అది నిజంగానే అంజీర్. ఆకు అయిదు చీలికలతో అందంగా ఉంటుంది, ఫోన్ యాప్‌లో ఫొటో పెడితే అంజీర్ అనే చెబుతుంది. ఏ రకమో యాప్ చెప్పలేదు. ఆకును చూసి మనమూ చెప్పలేం, ఒకే చెట్టుకు చీలికలున్న ఆకు, లేని ఆకు రెండూ వస్తాయి.

మొక్క ఏపుగా పెరిగింది. రెండో ఏడు ఆకు చంకల్లో కాయలు పడ్డాయి. ఇంట్లో అందరికీ సంబరం. గోళీకాయంత అయ్యాక ఒక్కొక్కటే పసుపు తిరిగి, ముడుచుకుని, రాలిపోవడం మొదలైంది. కోసి చూస్తే లోపల ఎండు బెండులాంటి పదార్థం తప్ప రసం లేదు. నీళ్లు ఎక్కువ తక్కువైతే కూడా కాయ రాలుతుంది కాబట్టి నీటి పద్ధతి మార్చాం, పేడ ఎరువు వేశాం, వేళ్లు తవ్వి నులిపురుగు బుడిపెలు ఉన్నాయేమో చూశాం. ఏమీ లేవు. తర్వాతి కాపు కూడా అంతే.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే చెప్పిన జవాబు వినండి. “మీ నల్గొండ నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటది అన్నా, అందుకే కాయ నిలుస్తలేదు.” అదే నీళ్లతో పక్క కుండీలో దానిమ్మ, నిమ్మ విరగకాస్తున్నాయి. ఆ మాట చెప్పాక మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

కారణం నీళ్లలో లేదు. అంజీర్‌లో కొన్ని రకాలకు పరాగం, అంటే పూలకు పుప్పొడి అందడం, లేకుండానే పండు తయారవుతుంది. మన దగ్గర తోటల్లో వేసే పూణె అంజీర్, డయానా, బ్రౌన్ టర్కీ ఇలాంటివే. స్మిర్నా తరహా రకాలకు మాత్రం ఒక సన్న కందిరీగ మగ అంజీర్ చెట్టు నుంచి పుప్పొడి మోసుకొచ్చి కాయ కొసన ఉండే చిన్న రంధ్రంలోంచి లోపలికి దూరితేనే పండు నిలుస్తుంది, లేకపోతే రాలిపోతుంది. ఆ కందిరీగ మన దగ్గర లేదు. మేడి కాయల్లో కనిపించే పురుగులు మేడికే పనికొస్తాయి, ఆ జాతిలో దాదాపు ఏ చెట్టు పురుగు ఆ చెట్టుదే. కాలిఫోర్నియా రైతులు 1880ల్లో స్మిర్నా మొక్కలు తెచ్చి నాటి, ఏళ్ల తరబడి కాయలు రాలుతుంటే తలలు పట్టుకున్నారు. 1899లో కందిరీగను తెచ్చి వదిలాకే అక్కడ పండు నిలబడింది. పెరటి చెట్టుకు ఆ ఏర్పాటు మనం ఎక్కడ చేయగలం?

ఇప్పుడు ఆ డబ్బాలో ఎండు అంజీర్ దగ్గరికి వద్దాం. టర్కీ నుంచి వచ్చే ఎండు అంజీర్ ఎక్కువగా ఈ స్మిర్నా తరహాదే. పరాగం జరిగిన పండు కాబట్టి గింజ మొలుస్తుంది. పరాగం లేకుండా పండే పూణె పండులోనైతే గింజలు తాలు, వేసినా మొలవవు. అంటే కిరాణా కొట్టులో గుప్పెడు అంజీర్ కొని గింజలు నారు పోస్తే వందల మొక్కలు దాదాపు ఉచితంగా వచ్చేస్తాయి. వాటిలో ఇంచుమించు సగం మగ చెట్లు అవుతాయి, మిగతా వాటిలో చాలా వరకు కందిరీగ లేనిదే పండవు. తల్లి పండు రుచిని చూపించి పిల్ల మొక్కను అమ్మడం అంటే ఇదే. మా మొక్క మగదో ఆడదో నేను తేల్చుకోలేదు. మా పెరట్లో రెండింటి ఫలితమూ ఒకటే.

ఆటో దగ్గర గింజ మొక్కను అనుమానించాల్సింది కాండం మొదలు చూసి. అంజీర్‌ను కొమ్మ ముక్కతో గానీ గుట్టీ కట్టి (కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేళ్లు పుట్టించి) గానీ పెంచుతారు. కొమ్మ ముక్కతో పెరిగిన మొక్కకు మొదట్లో వేలు లావు ముదురు పుల్ల, దాని పక్క నుంచి లేచిన చిగురు స్పష్టంగా కనిపిస్తాయి. గింజ మొక్కకు అది ఉండదు, నేలలోంచి నేరుగా ఒకే సన్నటి కాండం వస్తుంది. పాకెట్ మట్టి కాస్త పక్కకు తీసి చూడనివ్వకపోతే అక్కడితో వదిలేయండి. అన్నిటికన్నా మంచిది కాయతో ఉన్న తల్లి చెట్టు చూసి, దాని కొమ్మే తెచ్చుకోవడం. డయానా పండు పెద్దగా, పసుపు పచ్చగా ఉంటుంది. బ్రౌన్ టర్కీ తోలు ఊదా కలిసిన గోధుమ రంగు. పూణె రకం మధ్యస్థంగా, లోపల గులాబీ రంగులో ఉంటుంది. రకం తేల్చేది పండే, ఆకు కాదు. కొమ్మ కోసేటప్పుడు ఆ పాలు చర్మానికి తగిలి ఎండ పడితే బొబ్బలు లేస్తాయి, గ్లౌజులు వేసుకోండి.

మొక్క ఉద్యాన శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉన్న నర్సరీలో, రకం పేరు రాసిన బిల్లుతో కొనండి. ఏమైనా అనుమానం ఉంటే మహబూబ్‌నగర్, వనపర్తి వైపు వాళ్లకు మోజెర్ల ఉద్యాన కళాశాల, పాలెం కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. నల్గొండ వాళ్లకు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం దగ్గర. ఆకు ఒక్కటే కాకుండా, కాయ కోసిన ఫొటో, కొమ్మ ముక్క కూడా పట్టుకెళ్లండి.

ఎకరాల్లో పెట్టి నష్టపోయినవాళ్లు ఊరుకోవద్దు. నాసిరకం విత్తనాల కేసులో రైతు కూడా వినియోగదారుడే అని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. బిల్లు లేకపోయినా ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్‌లో వాడు పంపిన ఫొటో, మాటలు చెరిపేయకుండా దాచండి. దేవరకొండ రోడ్డులో ఆ లామినేషన్ ఫొటో ఆటో దగ్గర కొన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే కింద రాయండి, ఆటో నంబరు దొరికితే అందరం కలిసి ఒకే ఫిర్యాదు పెడదాం.