పులాస్కీ కోసం పులాస్కీ స్క్వేర్‌కి వెళ్ళకండి

మేం వెళ్ళాం. ఓక్ చెట్లు, వాటికి గడ్డాల్లా వేలాడే స్పానిష్ మాస్, కొన్ని బెంచీలు, అంతే. పులాస్కీ అంటే అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి చనిపోయిన పోలండ్ వీరుడు. అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని సవానా ఊళ్ళో ఆయన పేరున్న స్క్వేర్ ఒకటి, ఆయన స్మారకం ఉన్నది ఇంకోటి. "గాంధీ చౌక్‌లో గాంధీ బొమ్మ లేకపోతే మనవాళ్ళు ఊరుకుంటారట్రా?" అన్నారు నాన్న. స్మారకం బుల్ స్ట్రీట్‌లో, మాంటెరీ స్క్వేర్‌లో ఉంది. నడిస్తే పది నిమిషాల లోపే.

అట్లాంటా నుంచి కారులో నాలుగు గంటలు. అక్కడి తెలుగువాళ్ళు లాంగ్ వీకెండ్‌కి నేరుగా సవానా పక్కనున్న టైబీ బీచ్‌కి పోతుంటారు. మేమూ రెండుసార్లు అలాగే పోయాం. ఈసారి నాన్న వచ్చారు కాబట్టి ఊళ్ళో ఆగాం.

పాలరాతి స్తంభం 55 అడుగుల దాకా ఉంటుంది. పైన జెండా పట్టుకుని నిలబడింది పులాస్కీ కాదు, స్వేచ్ఛాదేవి. ఆయన కోసం కింద పీఠం దగ్గర వెతకాలి. గుర్రం మీంచి ఒరిగిపోతున్నట్టు చెక్కారు. పోలండ్‌లో రష్యాకి ఎదురుతిరిగి ఓడి, దేశం విడిచి, 1777లో అమెరికా చేరాడు. వాషింగ్టన్ సైన్యంలో అశ్వికదళానికి తీరు నేర్పాడు. బ్రిటిష్ వాళ్ళ చేతుల్లో ఉన్న సవానాని పట్టుకోవాలని ఫ్రెంచి, అమెరికన్ సేనలు 1779 అక్టోబర్ 9న దాడి చేసినప్పుడు ఫిరంగి గుండు తగిలి, రెండు రోజులకి పోయాడు.

అసలు కథ పీఠం లోపలుంది. ఆయన్ని సముద్రంలో వదిలేశారని కొందరు, దగ్గర్లోని తోటలో పాతిపెట్టారని కొందరు అనేవారు. 1850లలో ఈ స్మారకం కట్టినప్పుడు ఆ తోటలో దొరికిన ఎముకలు ఓ పెట్టెలో పెట్టి పునాదిలో ఉంచారు. 1996లో మరమ్మతుకి స్తంభం విప్పితే పెట్టె బయటపడింది. కటి ఎముక చూస్తే ఆడమనిషిదిలా ఉంది! ఏళ్ళ తరబడి తేలలేదు. 2005లో మళ్ళీ అక్కడే ఖననం చేశారు. 2019లో మాత్రం, బంధువు అవశేషాలతో డీఎన్ఏ సరిపోయిందనీ, ఆయన పుట్టుకతోనే ఇంటర్‌సెక్స్ (శరీరంలో ఆడ, మగ లక్షణాలు కలిసి ఉన్న మనిషి) అయి ఉండొచ్చనీ పరిశోధకులు చెప్పారు. ఇది తెలియకుండా వెళ్తే రెండు ఫొటోలు తీసుకుని ఐదు నిమిషాల్లో వచ్చేస్తారు. మేం గంట కూర్చున్నాం.

ఆయన గాయపడిన చోటు పాత రైల్వే స్టేషన్ పక్కనే. అప్పటి బ్రిటిష్ వాళ్ళ మట్టి కోట మళ్ళీ కట్టి, ముందు గ్రానైట్ రాళ్ళు సైనికుల్లా వరసలుగా పాతారు. జనం తక్కువ, నీడ ఇంకా తక్కువ. పొద్దున్నే వెళ్ళండి.

టైబీ దారిలో ఉన్న ఫోర్ట్ పులాస్కీకి ఆయన పేరు పెట్టారంతే, ఆయన చూడలేదు. అయినా వదలొద్దు. అమెరికా అంతర్యుద్ధంలో, 1862లో యూనియన్ (ఉత్తరాది) సేన కొత్త రకం ఫిరంగులతో 30 గంటల్లో లొంగదీసిన కోట ఇది. ఇటుక గోడల మీద ఆ గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. నేషనల్ పార్క్ పాస్ పనిచేస్తుంది. నల్లులంత పురుగులు మాత్రం చెవుల్లో దూరి చంపుతాయి, స్ప్రే మర్చిపోవద్దు.

బస విషయానికొస్తే, మేం పాత ఊరి మధ్యలో దిగాం. గది బాగుంది, మెట్లు ఇరుకు, లిఫ్ట్ లేదు. పార్కింగ్ కలిపే అనుకున్నాం, బిల్లులో రాత్రికి 45 డాలర్లు విడిగా వేశారు. బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి అడగండి. హైవే పక్క మోటెల్ సగం ధరకే వస్తుంది కానీ, రోజూ ఊళ్ళోకొచ్చి కారుకి చోటు వెతుక్కునే టెన్షన్ పెద్దవాళ్ళతో ఎందుకు? ఊళ్ళో తిరిగే డాట్ బస్సు ఉచితం. నాన్న మోకాళ్ళని కాపాడింది అదే.

తిరిగొచ్చే రోజు పొద్దున బయల్దేరబోతుంటే, "ఆ మాంటెరీ మీదుగా ఒకసారి పోనీరా" అన్నారాయన. కారు దిగలేదు. అద్దం దించి చూశారు. "ముప్ఫై నాలుగేళ్ళేనట్రా వాడికి?"