బార్టర్ డీల్ అంటూ వచ్చేవాళ్లతో జాగ్రత్త, సరుకు తీసుకుని పని ఎగ్గొడుతున్నారు

చిన్న వ్యాపారాలు నడుపుకునేవాళ్లందరికీ చెప్తున్నా, "డబ్బులేం వద్దండీ, మీ సరుకు మాకివ్వండి, మా సర్వీస్ మీకిస్తాం" అని ఎవరైనా వస్తే ఇది ఒకసారి చదివాక సరే అనండి. ముఖ్యంగా వాళ్లు ఇస్తామనేది వెబ్‌సైట్, ఫొటోలు, ప్రమోషన్ లాంటిదైతే. నాకు జరిగింది, అదే పార్టీతో ఇంకొందరికి కూడా దాదాపు ఇలాగే జరిగిందని తర్వాత తెలిసింది. పేరు అడగొద్దు ప్లీజ్. లీగల్ నోటీసు వెళ్లి ఉంది, ఈ టైమ్‌లో పేరు పెడితే అసలు విషయం పక్కకి పోయి పరువు నష్టం అంటూ వాళ్లే ఎదురు తిరుగుతారు. పేరు లేకపోయినా వాళ్ల పద్ధతి తెలిస్తే చాలు, మీరే గుర్తుపడతారు.

నాది ప్రింటింగ్, ప్యాకింగ్ బాక్సుల చిన్న యూనిట్. వాళ్లది వెబ్‌సైట్లు, ప్రొడక్ట్ ఫొటోలు చేసే ఏజెన్సీ. మాట్లాడుకున్నది ఏంటంటే నేను వాళ్లకి విజిటింగ్ కార్డులు, బ్రోచర్లు, వాళ్ల లోగో వేసిన గిఫ్ట్ బాక్సులు రెండు విడతల్లో చేసివ్వాలి, వాళ్లు నాకు వెబ్‌సైట్ కట్టి, నా ప్రొడక్ట్స్ అన్నిటికీ ఫొటోలు తీసి, ఒక ఏడాది మెయింటెనెన్స్ చూడాలి. ఎవరి వైపు ఎంత విలువో, ఏది ఎప్పటికి ఇవ్వాలో నేను మెసేజ్‌లో రాసి పంపా, అవతలి నుంచి "ఓకే అండీ, కన్‌ఫర్మ్" అని రిప్లై వచ్చింది. ఈ ఒక్క రిప్లై లేకపోతే ఈరోజు నా దగ్గర పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు, ఆ సంగతి కిందకొస్తే చెప్తా.

మొదటి విడత టైమ్‌కి వెళ్లిపోయింది. డెలివరీ చలాన్ (సరుకు అందిందని రాసే చీటీ) మీద వాళ్ల మనిషి సంతకం పెట్టి తీసుకెళ్లాడు. ఇక్కడే బార్టర్‌లో అసలు చిక్కుంది, దీన్ని కాస్త ఆగి ఆలోచించండి. సరుకు అనేది ఒకేసారి మొత్తం వెళ్లిపోతుంది, సర్వీస్ మాత్రం కొంచెం కొంచెంగా వస్తుంది. సరుకు వెళ్లాక మన చేతిలో వాళ్లని అడగడానికి పట్టు ఏమీ మిగలదు. పైగా నాలాంటి వాళ్ల సరుకు మీద వాళ్ల పేరే ఉంటుంది, వెనక్కి తెచ్చుకున్నా ఇంకొకళ్లకి అమ్మలేం, పేపర్, ప్లేట్లు, లామినేషన్, డై, కూలీ అన్నీ అప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి. వాళ్లకేమో ఇంకా మొదలుపెట్టని పనికి ఖర్చే లేదు. అంటే నష్టం మొత్తం ఒకవైపే, ముందు ఇచ్చినవాడి వైపే.

తర్వాత సాకులు మొదలయ్యాయి. ముందు "మా డెవలపర్ లీవ్‌లో ఉన్నాడండీ". తర్వాత ఒక రెడీమేడ్ టెంప్లేట్ మీద నా పేరు పెట్టి లింక్ పంపి "చూశారా, ఎనభై శాతం అయిపోయింది" అన్నారు, లోపల పేజీలన్నీ ఖాళీ, కాంటాక్ట్ పేజీలో ఇంకెవరిదో నంబర్ ఉంది. ఫొటోల సంగతి అడిగితే "షూట్ ఇందులో రాదండీ, అది వేరే ప్యాకేజీ" అంట. మెసేజ్ తీసి చూపిస్తే అప్పుడు "మీరే కంటెంట్ లేట్ చేశారు" అని నా మీదకే తిప్పారు. కంటెంట్ నేను మెయిల్‌లో ఎప్పుడో పంపా, తేదీతో సహా ఉంది, దానికి వాళ్ల "రిసీవ్డ్, థాంక్స్" కూడా ఉంది. చివరికి ఒక ఫోన్‌లో నోరుజారి నిజం చెప్పేశారు, "పేమెంట్ ఇచ్చిన క్లయింట్ల పని ముందు చూడాలి కదండీ". మరి నేనిచ్చింది ఏంటి, చిత్తు కాగితాలా? నన్నడిగితే బార్టర్‌లో ముంచేవాళ్లలో సగం మంది మొదట్నుంచీ మోసం చేద్దామని రారు, డబ్బిచ్చే పని వచ్చినప్పుడల్లా మనల్ని లైన్‌లో వెనక్కి నెడుతూ పోతారు, చివరికి ఇవ్వకపోయినా ఏం కాదులే అని వాళ్లకే అనిపిస్తుంది. ఫలితం మాత్రం మనకి ఒకటే.

ఇంకో గుర్తు చెప్తా, ఇది అందరికీ పనికొస్తుంది. మొదట్లోనే "బిల్లెందుకండీ, డబ్బు చేతులు మారట్లేదుగా" అన్నారు. ఈ మాట ఎవరి నోట వచ్చినా జాగ్రత్తపడండి. డబ్బు లేకపోయినా లెక్క ఉంటుంది. ఇండియాలో 2017 జీఎస్టీ చట్టం సెక్షన్ 7లో సప్లై అంటే ఏంటో చెప్తూ అమ్మకంతో పాటు బార్టర్‌ని, ఎక్స్‌ఛేంజ్‌ని కూడా పేరు పెట్టి రాశారు, రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు తమ సరుకు మార్కెట్ విలువ మీద టాక్స్ లెక్క చూపించాలి. అమెరికాలో టాక్స్ డిపార్ట్‌మెంట్ ఐఆర్ఎస్ కూడా బార్టర్‌లో వచ్చిన దాని మార్కెట్ విలువని ఆదాయం కిందే చూస్తుంది. సరే టాక్స్ సంగతి ఒకటి, దానికంటే ముఖ్యం ఏంటంటే బిల్లు లేకపోతే రేపు గొడవొచ్చినప్పుడు "అసలు ఇచ్చారా, ఎంతది ఇచ్చారు" అనేదానికి ఆధారం ఉండదు. నేను బిల్లు కొట్టే పంపా. దాంతో వచ్చిన మంట ఏంటంటే నా వైపు టాక్స్ నేను కట్టేశా, అవతలి నుంచి సర్వీసూ రాలేదు, బిల్లూ రాలేదు, కాబట్టి ఇన్‌పుట్ క్రెడిట్ (మనం కొన్నదాని మీద పడిన టాక్స్‌ని మనం కట్టే టాక్స్‌లో తగ్గించుకోవడం) అనే మాటే లేదు. వాళ్లు బిల్లొద్దని అంతలా ఎందుకు బతిమాలారో అప్పుడర్థమైంది.

డొమైన్ (వెబ్‌సైట్ అడ్రస్) గొడవ విడిగా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి చాలామంది పట్టించుకోరు. నా బిజినెస్ పేరు మీద డొమైన్ వాళ్లే కొన్నారు, వాళ్ల అకౌంట్‌లో, ఓనర్ వివరాల్లో వాళ్ల పేరే పెట్టుకుని. నాకు ముందు చెప్పనేలేదు. డొమైన్‌లో రిజిస్ట్రెంట్ (అంటే ఓనర్) అని ఎవరి పేరుంటే రిజిస్ట్రార్, అంటే డొమైన్లు అమ్మేవాడు, వాళ్ల మాటే వింటాడు, మీ షాపు బోర్డు మీద ఏ పేరుందో వాడికి అనవసరం. అంటే గొడవ పెద్దదైతే నా పేరు నాకే అమ్మే పొజిషన్‌లో వాళ్లున్నారు. అందుకే కోపం మొత్తం మింగి, నోటీసు ఊసెత్తకముందే మర్యాదగా డొమైన్ నా అకౌంట్‌కి మార్పించుకున్నా, "మెయిల్ సెటప్ చేసుకోవాలండీ" అని చెప్పి. కొత్తగా కొన్న డొమైన్‌ని మొదటి 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కి మార్చడం మామూలుగా కుదరదు, కానీ అదే రిజిస్ట్రార్ దగ్గర ఇంకో అకౌంట్‌కి మార్చడానికి చాలాచోట్ల దారి ఉంటుంది, అది అడగండి. మీ గొడవ ఇలాంటిదే అయితే వరస గుర్తుపెట్టుకోండి, ముందు డొమైన్, హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్ అకౌంట్), సోషల్ మీడియా పేజీల అడ్మిన్, మీ ఒరిజినల్ ఫైళ్లు చేతికి రావాలి, పోట్లాట ఆ తర్వాత.

అవన్నీ వచ్చాక రెండో విడత ఆపేశా. వాళ్లకి మండింది, "మీరే అగ్రిమెంట్ బ్రేక్ చేస్తున్నారు" అన్నారు. ఫోన్‌లో వాదించలేదు. మెయిల్ రాశా, తిట్లు లేకుండా, నాలుగే ముక్కలు: ఫలానా తేదీన ఇంత విలువ సరుకు మీకు చేరింది, చలాన్ జత చేశా, బదులుగా రావాల్సినవి ఇవీ, గడువు దాటింది, ఫలానా తేదీలోపు పూర్తిచేసి ఇవ్వకపోతే ఈ డీల్ రద్దు, ఇచ్చిన సరుకు విలువ డబ్బుగా చెల్లించాలి. అదే కాపీ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చేలా పంపా. ఆ తర్వాత ఫోన్ వచ్చిన ప్రతిసారీ మాట్లాడి, వెంటనే "ఇందాక మీరు ఇలా అన్నారు" అని ఒక మెసేజ్ పెట్టేదాన్ని. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ వాళ్లు దాన్ని కాదనకపోతే తర్వాత అదే మనకి రికార్డు. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి, ఉత్త స్క్రీన్‌షాట్లు నమ్ముకోకండి, పాత ఫోన్ కూడా అమ్మేయకండి. ఎలక్ట్రానిక్ రికార్డుకి కోర్టులో సర్టిఫికెట్ అడుగుతారు, ఇండియాలో ఇప్పుడది భారతీయ సాక్ష్య అధినియం 2023 సెక్షన్ 63 కింద వస్తుంది.

గడువు తేదీ కూడా అయిపోయాక ఇంకో ఏజెన్సీకి డబ్బు కట్టి అదే పని చేయించుకున్నా. వాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుని తర్వాత నష్టం మొత్తం వాళ్ల మీదే వేస్తామంటే కుదరదంట, నష్టం పెరగకుండా మన వంతు మనం చూసుకోవాలని లాయర్ చెప్పారు. ఆ కొత్త ఏజెన్సీ బిల్లు దాచా, మార్కెట్‌లో ఆ పని విలువెంతో చూపించడానికి అంతకంటే మంచి కాగితం లేదు.

చట్టం సంగతి నాకు తెలిసినంత చెప్తా. డబ్బు లేదు కాబట్టి కాంట్రాక్ట్ కాదు అనేది ఒట్టి మాట. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో కన్సిడరేషన్ (ఒకరికొకరు బదులుగా ఇచ్చేది) అంటే డబ్బే అవ్వాలని లేదు, ఒక పని చేయడం, చేస్తానని మాటివ్వడం కూడా సరిపోతుంది. మాట తప్పితే నష్టపరిహారం సెక్షన్ 73 కింద అడగొచ్చు. కేసు వేయడానికి మామూలుగా మాట తప్పిన రోజు నుంచి మూడేళ్లు టైమ్ ఉంటుంది, కాబట్టి "చూద్దాంలే" అని ఏళ్లు లాగొద్దు. కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్దామా అని చాలామంది అడుగుతున్నారు, వ్యాపారం కోసం తీసుకున్న సర్వీస్ అయితే అక్కడ అడ్డం పడుతుంది, స్వయం ఉపాధితో బతుకు వెళ్లదీసుకునేవాళ్లకి మినహాయింపు ఉంది కానీ అది మీకు వర్తిస్తుందో లేదో లాయర్నే అడగండి. పోలీస్ కంప్లైంట్ విషయంలో కూడా తొందరపడొద్దు. మాట తప్పడం ఒక్కటే చీటింగ్ అవ్వదు, ఒప్పుకునేటప్పుడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించాలి. అందుకే ఇదే పార్టీ చేతిలో ఇలాగే నష్టపోయిన మిగతావాళ్ల కాగితాలు ముఖ్యం, ఒకే కథ అందరికీ చెప్పి సరుకు తీసుకున్నారంటే అప్పుడు లెక్క వేరేగా ఉంటుంది. వాళ్లలో ఒకావిడ కేక్ ఆర్డర్లు ఇచ్చింది, ఆవిడ దగ్గర చలాన్ లేదు, విలువ ఎక్కడా రాసుకోలేదు, అన్నీ ఫోన్ మాటలే. ఆవిడ కేకులు "శాంపిల్‌గా ఇచ్చారు" అంటున్నారంట ఇప్పుడు! వినగానే నాకు కడుపు మండిపోయింది.

ఇంతా చెప్పి బార్టరే వద్దు అనట్లేదు. చేతిలో డబ్బు ఆడని నెలల్లో అదో మంచి దారి. స్విట్జర్లాండ్‌లో 1934లో మొదలైన విర్ అనే పద్ధతిలో చిన్న వ్యాపారాలు తమలో తాము ఇలాంటి లావాదేవీలు ఇప్పటికీ చేసుకుంటున్నాయి. అక్కడ కూడా ఊరికే నీ సరుక్కి నా సరుకు అని వదిలేయరు, ప్రతిదానికీ విర్ లెక్కలో ఒక అంకె పడుతుంది, ఎవరు ఎవరికి ఎంత బాకీయో అది చూపిస్తుంది. మనం చేయాల్సింది కూడా అదే, రెండు వైపులా డబ్బులో విలువ రాయాలి, అది కూడా ఇద్దరూ మామూలు కస్టమర్‌కి వేసే రేటులోనే, ఎందుకంటే మన సరుకుని ఖర్చు రేటుకి లెక్కగట్టి వాళ్ల సర్వీస్‌ని వెబ్‌సైట్‌లో పెట్టిన పెద్ద రేటుకి లెక్కగట్టడం వీళ్లకి బాగా అలవాటు. దాని కింద ఒక్క లైన్ చేర్చండి: "ఫలానా తేదీలోపు తమ వంతు ఇవ్వనివారు, తాము తీసుకున్నదాని విలువ డబ్బుగా చెల్లించాలి." ఈ లైన్ చూసి మొహం మాడ్చుకునే పార్టీతో డీల్ పెట్టుకోకండి, అంతే. సరుకు కూడా ఒకేసారి పంపొద్దు, వాళ్ల పనిలో ఒక భాగం మీ చేతికొచ్చాక మీ సరుకులో ఒక భాగం వెళ్లాలి. నేను రెండు విడతలు పెట్టడం వల్లే నష్టం సగంలో ఆగింది.

ప్రస్తుతం పరిస్థితి ఏంటంటే నోటీసు అందిన వారానికే వాళ్ల వైపు నుంచి ఫోన్, సగం డబ్బు ఇచ్చి సెటిల్ చేసుకుందాం అంటున్నారు, దాంతో పాటు "ఇక ఏ బాకీ లేదు" అని నేను సంతకం పెట్టాలంట. డబ్బు అకౌంట్‌లో పడకముందు ఆ కాగితం మీద సంతకం పెట్టనని చెప్పేశా, సగానికి కూడా ఒప్పుకోలేదు, వాళ్లు నిజంగా ఇచ్చినదాని విలువ తీసేసి మిగతాది ఇవ్వమన్నా. టెంప్లేట్‌కి ఎంత విలువ కడతారో రాసి పంపమని అడిగా, ఇంకా రిప్లై లేదు. వస్తే ఇక్కడే అప్‌డేట్ పెడతా. ఇదే రకం పార్టీకి మీరూ సరుకు ఇచ్చి ఉంటే చలాన్లు, చాట్లు పట్టుకుని నాకు మెసేజ్ చేయండి, కామెంట్లలో మాత్రం పేర్లు రాయకండి.