సిమ్ బేస్‌బాల్ లీగ్‌లో జీతాల ఆర్బిట్రేషన్: పంచాయితీయా, పట్టికా, పక్క జట్ల చేతికా?

సిమ్ లీగ్ అంటే కంప్యూటర్‌లో ఆడించే బేస్‌బాల్ లీగ్; ఒక్కో జట్టునూ ఒక్కో ఓనర్ నడుపుతాడు. పన్నెండు జట్లతో అలాంటి లీగ్ మొదలుపెట్టిన కొత్తలో ఆర్బిట్రేషన్, అంటే జీతాల పేచీ తేల్చే ఏర్పాటు, ఎవరికీ పట్టదు. కుర్రాళ్లంతా కనీస జీతం మీదే ఆడుతుంటారు. వాళ్లకు మూడేళ్ల సర్వీస్ నిండాక అసలు పేచీ వస్తుంది: ఎంతివ్వాలి, ఎవరు తేల్చాలి? లీగుల్లో ఎక్కువగా వాడేవి మూడు దారులు.

మొదటిది అమెరికా బేస్‌బాల్ పెద్ద లీగ్ ఎమ్‌ఎల్‌బీ 1974 నుంచి నడుపుతున్న పద్ధతి. మూడేళ్లు నిండి ఆరేళ్లు నిండని ఆటగాడు ఒక అంకె వేస్తాడు, క్లబ్ ఒక అంకె వేస్తుంది. కుదరకపోతే ముగ్గురు మధ్యవర్తులు రెండింట్లో ఒకదాన్నే ఖాయం చేస్తారు. ఊరి పెద్దమనుషుల్లా చెరిసగం చేయడం కుదరదు. 2023లో కార్బిన్ బర్న్స్ అనే పిచర్ (బంతి విసిరేవాడు) 10.75 మిలియన్ డాలర్లు అడిగాడు, అతని క్లబ్ బ్రూయర్స్ 10.01 వేసింది. క్లబ్ గెలిచింది. అతని విలువ మధ్య అంకె 10.38కి పైనా, కిందా అన్నదొక్కటే తేలాల్సిన విషయం. అత్యాశకు పోతే మొత్తం పోతుందన్న భయం ఇద్దరికీ ఉంటుంది కాబట్టే ఎక్కువ కేసులు విచారణ దాకా రాకుండా రాజీ అయిపోతాయి.

సిమ్ లీగ్‌లో బల్లకు అవతలి పక్క మనిషి లేడు, కాబట్టి ఆ భయం ఓనర్ ఒక్కడికే. కంప్యూటర్ వేసే అంకె ముందే కనబడితే అదీ ఉండదు. ఆటగాడి అంకె 12, లీగ్ నడిపే కమిషనర్ లెక్కలో అసలు విలువ 10 అనుకోండి. ఓనర్ 8.1 వేస్తాడు. మధ్య అంకె 10.05 అవుతుంది, 10 దాని కిందే ఉంది, క్లబ్ గెలుస్తుంది. పది ఇవ్వాల్సిన చోట 8.1తో సరి! ఈ కిటుకు ఒకడు కనిపెడితే మరుసటి ఏడాదికి అందరూ అదే చేస్తారు.

మందు ఉంది. ఆటగాడి తరఫున ఇంకో ఓనర్‌ని చీటీ తీసి ఏజెంటుగా కూర్చోబెట్టాలి. రెండు అంకెలూ ఒకే గడువుకు కమిషనర్‌కు రహస్యంగా చేరాలి. ప్రత్యర్థి ఖర్చు పెరగాలన్న కోరిక ఏజెంటుకు ఎలాగూ ఉంటుంది, మరీ ఎక్కువ అడిగితే ఓడిపోతానన్న జంకూ ఉంటుంది. అంకెలు పడ్డాక బేరాలు బంద్ అని ముందే రాసుకోవాలి. బాగానే నడుస్తుంది, కానీ ఏటా నలభై కేసులకు ఇంత తతంగం ఎవడి వల్లా కాదు.

రెండోది శాతాల పట్టిక. బహిరంగ మార్కెట్ విలువలో మొదటి ఏడు 40, రెండో ఏడు 60, మూడో ఏడు 80 శాతం. ఐపీఎల్ రిటెన్షన్ స్లాబులు చూసినవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. పట్టిక సులువే, మార్కెట్ విలువ కట్టడంలోనే తప్పులు జరుగుతాయి. ముందు వార్ (అందుబాటులో ఉండే మామూలు ఆటగాడి కన్నా ఇతను జట్టుకు అదనంగా తెచ్చే గెలుపుల అంచనా) ధర తీయాలి: ఆ ఏడు ఫ్రీ ఏజెంట్ల (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగల ఆటగాళ్ల) ఒక ఏడాది జీతాల మొత్తాన్ని వాళ్ల నుంచి ఆశించే వార్ మొత్తంతో భాగించాలి. 96 మిలియన్లకు 12 వార్ వస్తే ఒక్కోటి 8 మిలియన్లు. తర్వాత ఆటగాడి మూడేళ్ల వార్‌కు 5, 4, 3 చొప్పున బరువు వేయాలి, తాజా ఏడాదికి ఎక్కువ. నిరుడు 5, అంతకుముందు 2, దానికి ముందు 1 ఉంటే 25, 8, 3 కలిపి 36, పన్నెండుతో భాగిస్తే 3. విలువ 24 మిలియన్లు, మొదటి ఏటి జీతం 9.6. నిరుటి ఒక్క సీజనే చూసుంటే 16 అయ్యేది. ఒక్క మెరుపు సీజన్ పుణ్యమాని క్లబ్ నెత్తిన 6.4 మిలియన్లు అదనం.

క్లోజర్ల (ఆట చివర్లో దిగి ఆధిక్యం కాపాడే పిచర్ల) విషయంలో జాగ్రత్త. అసలు విచారణల్లో సేవ్‌లకు (అలా కాపాడిన ఆటలకు) మంచి ధర పలుకుతుంది, వార్ మాత్రం వాళ్లను పెద్దగా లెక్కచేయదు. వాళ్లకు విడిగా రిలీవర్ల (ఆట మధ్యలో దిగే పిచర్ల) మార్కెట్‌తో ధర కట్టకపోతే ఒకే ఓనర్ చవగ్గా నలుగురిని పోగేస్తాడు. మోచేతి ఆపరేషన్‌తో ఏడాది పోయిన పిచర్ జీతం పాతాళానికి పడకుండా ఎమ్‌ఎల్‌బీ నియమమే పెట్టుకోండి: నిరుటి జీతంలో 20 శాతానికి మించి కోత లేదు.

మూడోది ఒట్టోన్యూ ఫాంటసీ ఆటలోది. ప్రతి ఓనర్‌కూ 25 డాలర్లు ఇస్తారు, వాటిని మిగతా పదకొండు జట్ల ఆటగాళ్ల జీతాలకు కలుపుతాడు. ఒక్కో జట్టుకు కనీసం 1, గరిష్ఠం 8, ఒక్క ఆటగాడికి 4 మించకూడదు. పదకొండు మందీ ఒకడి మీదే పడితే 44 పెరుగుతుంది. అక్కడ జట్టు బడ్జెట్టే 400. చవగ్గా దొరికిన తారల ధర సరిచేయడానికి ఇంతకన్నా పదునైన పద్ధతి లేదు. కానీ ఇద్దరు ముగ్గురు ఓనర్లు బద్ధకించినా, కూడబలుక్కున్నా లెక్క వంకరపోతుంది.

ఎంచుకోమంటే అందరికీ పట్టిక, విలువ కట్టడం కష్టమైన ముగ్గురు నలుగురికి మాత్రం ఏజెంటుతో పంచాయితీ. పన్నెండు మందీ ఏడాది పొడుగునా చురుగ్గా ఉండే లీగైతేనే మూడోది.

ఏది పెట్టుకున్నా రెండు కన్నాలు పూడ్చాలి. ఒకటి సర్వీస్ లెక్క. ఎమ్‌ఎల్‌బీలో ప్రధాన జట్టులో 172 రోజులుంటే ఒక ఏడాది. 2015లో కొత్త కుర్రాడు క్రిస్ బ్రయంట్‌ను అతని క్లబ్ కబ్స్ ఆలస్యంగా పిలవడంతో 171 దగ్గర ఆగాడు, ఫ్రీ ఏజెన్సీ ఏడాది వెనక్కి జరిగింది. మీ లీగ్‌లో 150 రోజులు దాటితే ఏడాది నిండినట్టే అనుకోండి. రెండేళ్లు దాటి మూడు నిండనివాళ్లలో సర్వీస్ ఎక్కువున్న పై 22 శాతానికి ముందుగా ఆర్బిట్రేషన్ హక్కిచ్చే సూపర్ టూ నియమాన్ని వదిలేయడమే మేలు. పన్నెండు జట్లలో అది ఇద్దరు ముగ్గురికే వర్తిస్తుంది, జాబితా తయారీకి మాత్రం రోజంతా పడుతుంది.

రెండోది విచారణలో ఓడిన క్లబ్ ఆటగాణ్ని వదిలించుకోవడం. 2024లో జె.డి. డేవిస్ 6.9 మిలియన్లకు తన క్లబ్ జెయింట్స్ మీద కేసు గెలిచాడు. విచారణతో తేలిన జీతానికి పూర్తి గ్యారంటీ లేదు కాబట్టి జెయింట్స్ మార్చిలో 30 రోజుల జీతమిచ్చి పంపేసింది. విచారణకు వెళ్లిన ఆటగాణ్ని వదిలేసినా సగం జీతం ఆ ఏడాది క్యాప్‌లో (జట్టు జీతాల పరిమితిలో) ఉంటుందని రాయండి. నాన్-టెండర్ గడువు (ఆటగాడికి ఒప్పందం ఇవ్వకుండా వదులుకునే గడువు) మాత్రం అంకెలు వేయడానికి కనీసం వారం ముందు పెట్టండి, వద్దనుకునేవాడు అప్పుడే వదులుకుంటాడు.